ఆర్గన్ పోటీకి రెండు వీడియోలు: నా అనుభవం

ముందు బూట్ల సంగతి చెప్పాలి. ఏప్రిల్ నెలలో సగం వాటికే పోయింది.

ఆర్గన్ అంటే గొట్టాల్లోకి గాలి పంపి పలికించే చర్చి వాద్యం. దాన్ని చేతులతో పాటు కాళ్ళతోనూ వాయిస్తారు. కూర్చునే బెంచీ కింద పొడుగాటి చెక్క మెట్లు వరసగా ఉంటాయి, వాటిని పెడల్స్ అంటారు. మా చర్చి ఆర్గన్‌కు 30 ఉన్నాయి. కిందికి చూడకుండా ఒకసారి మునివేళ్ళతో, ఒకసారి మడమతో నొక్కుతూ పోవాలి. అందుకు పలచటి తోలు సోల్, అంగుళం పైన కాస్త ఎత్తు మడమ ఉన్న బూట్లు కావాలి. స్పోర్ట్స్ షూ వేసుకుంటే కాలు ఏ పెడల్ మీద ఉందో తెలియదు, ఒకటి నొక్కితే రెండు పలుకుతాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్, కోఠి, ఆబిడ్స్ అన్నీ తిరిగాను. ఒక షాపాయన ఓపిగ్గా అంతా విని డాన్స్ షూ తీసి చూపించాడు. చివరికి డాడీ పెళ్ళినాటి నల్ల బూట్లు అటక మీద నుంచి దింపి, క్లాక్ టవర్ దగ్గర చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకుపోయాను. రబ్బరు సోల్ పీకేసి పలచటి తోలు వెయ్యమన్నాను.

"గింత పల్చగుంటే రోడ్డు మీద పది దినాలు గూడ రాదు బిడ్డా," అన్నాడు.

"రోడ్డు మీద నడవను తాతా, వాయిస్తా."

ఆయన నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, ఇంకేం అడగకుండా కుట్టాడు. 350 రూపాయలు.

బూట్లతో ఇంకో తంటా కూడా వచ్చింది. మేం చర్చిలో చెప్పులు గుమ్మం బయట విడిచే ఇంట్లో పెరిగినవాళ్ళం. సికింద్రాబాద్ పాత చర్చిల్లో ఆ పట్టింపు లేకపోయినా, హార్మోనియం ముట్టుకునే ముందు చేతులు కడుక్కునే మమ్మీకి, నేను బూట్లేసుకుని వాద్యం తొక్కడం అస్సలు నచ్చలేదు. "కొత్త సోలే కదా, రోడ్డు తగల్లేదు కదా," అని రెండుసార్లు చెప్పాక ఊరుకుంది. ఆ బూట్లు ఇప్పటికీ సంచిలో చర్చికి వెళ్ళి సంచిలోనే తిరిగొస్తాయి.

అప్పటికి నాకు 19 ఏళ్ళు, బీటెక్ రెండో సంవత్సరం. పదో తరగతి నుంచి తెలుగు ఆరాధనలో కీబోర్డు వాయిస్తున్నాను. అదే చర్చిలో ఓ పక్కన బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి చిన్న పైప్ ఆర్గన్ ఉంది. చేతులకు రెండు వరసల మెట్లు, ఏ గొట్టాలు పలకాలో ఎంచుకునే గుండీలు, అంటే స్టాప్‌లు, తొమ్మిది. ఇంగ్లీషు ఆరాధనలో దాన్ని వాయించే మా మిస్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్. డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించడం లేదు. తన తర్వాత ఆ బెంచీ మీద ఎవరూ కూర్చోరేమోనని నన్ను పట్టుకుని రెండేళ్ళుగా నేర్పిస్తోంది. పోటీ ప్రకటన చూపించిందీ ఆవిడే. చూపిస్తూనే, "నువ్వు గెలవవు బాబూ. అయినా పంపు. కాళ్ళు బాగుపడతయి," అంది.

పోటీ యూరప్‌లోది. పేరు రాయను, రాస్తే నా సణుగుడంతా వాళ్ళ మీద పడుతుంది. అక్కడ ఇలాంటివి కొత్తేం కాదు. ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్ పోటీ 1963 నుంచి ఉంది. ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్మాలో జరిగేది 21 ఏళ్ళు, ఆ లోపు వయసు వాళ్ళ కోసమే. నేను పంపినదానికీ వయసు అలాంటిదే. మొదటి రౌండ్ వీడియోలు. అందులో నెగ్గితే ఫైనల్‌కు అక్కడికి వెళ్ళాలి. పాతకాలపు జర్మన్ సంగీతకర్త బాఖ్ రచన ఒకటి, 1800 తర్వాత ఎవరైనా రాసింది ఒకటి, రెండూ కలిపి 15 నిమిషాలు దాటకూడదు. ఒక్కో రచనకు ఒక్కో వీడియో, మధ్యలో కట్ ఉండకూడదు, కెమెరా కదలకూడదు, చేతులూ కాళ్ళూ ముఖమూ మూడూ కనబడాలి. గురువు దగ్గర నుంచి ఉత్తరం, పాస్‌పోర్టు కాపీ, 60 యూరోల ఫీజు. డాడీ కార్డుకు విదేశీ చెల్లింపులు ఆపేసి ఉన్నాయని ఫీజు కట్టే రోజే తెలిసింది. బ్యాంకులో ఒక పూట.

బాఖ్ దగ్గర మొదటి దెబ్బ తగిలింది. నేను ఆరు నెలలుగా సాధన చేస్తున్నది "ఎనిమిది చిన్న ప్రెల్యూడ్, ఫ్యూగ్‌లు" అనే జంట రచనల్లో ఒకటి. ప్రెల్యూడ్ అంటే ముందు వాయించే భాగం, ఫ్యూగ్ అంటే ఒకే పాటను చేతులూ కాళ్ళూ ఒకదాని వెంట ఒకటి అందుకునే భాగం. ఆర్గన్ నేర్చుకునే వాళ్ళు చాలామంది వాటితోనే మొదలుపెడతారు. బాఖ్ రచనల జాబితాలో 553 నుంచి 560 దాకా నంబర్లు వాటివే. కానీ అవి అసలు బాఖ్ రాసినవేనా అని పండితులకు చాలాకాలంగా అనుమానం. మిస్‌కు ఆ సంగతి ఫారం నింపే రోజు గుర్తొచ్చింది. నిర్వాహకులకు మెయిల్ పెడితే వేరేది ఎంచుకోమని మర్యాదగా రాశారు. ఆరు నెలల కష్టం ఒక్క మెయిల్‌తో పోయింది.

మిస్ ఆలోచించి 639 నంబరు చేతిలో పెట్టింది. ప్రార్థన గీతం మీద బాఖ్ రాసిన చిన్న రచన, పద్దెనిమిది బార్లే. బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది. కుడిచేతికి పాట, ఎడమచేతికి ఆగకుండా పారే చిన్న స్వరాలు, కాళ్ళకు గుండె కొట్టుకున్నట్టు ఒకే నడక. కాగితం మీద చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. వాయిస్తే గానీ తెలియదు, దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదని. ఇది ఉన్న పుస్తకాన్ని బాఖ్ 164 కీర్తనలకు రాద్దామని మొదలుపెట్టి 46 దగ్గర ఆపేశాడట. మా ల్యాబ్ రికార్డులు గుర్తొచ్చి ఆ మనిషి మీద కొంచెం ప్రేమ కలిగింది. రెండో రచనగా జర్మన్ సంగీతకర్త మెండెల్‌సన్ రాయగా 1845లో అచ్చయిన ఆరు సొనాటాల్లో, అంటే భాగాలుగా సాగే రచనల్లో, రెండోది తీసుకున్నాను.

ఫారంలో ఆర్గన్ వివరాలు కూడా అడిగారు. స్టాప్ అంటే చేతి మెట్లకు అటూ ఇటూ ఉండే గుండీ, లాగితే ఒక వరస గొట్టాలు పలకడానికి సిద్ధమవుతాయి. గుండీ మీద 8 అని ఉంటే ఆ వరసలో అన్నిటికన్నా కింది స్వరం గొట్టం సుమారు 8 అడుగులు అని. 4 అంటే ఒక స్థాయి పైన, 16 అంటే ఒక స్థాయి కింద. సగం గుండీల మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఇంటర్ చదివే మా చెల్లి డాడీ కొలత టేపు పట్టుకుని గొట్టాల వెనక్కి దూరింది. "అన్నా, మోసం. 16 అని రాసుంది, 8 అడుగులే ఉంది," అని లోపల్నుంచి అరిచింది. పెడల్స్‌కు పలికే బోర్డన్ అది, చెక్క గొట్టం. పైన మూత బిగించి ఉంటుంది. మూసిన గొట్టం అదే పొడవున్న తెరిచిన గొట్టం కన్నా ఒక స్థాయి కింద పలుకుతుంది, కాబట్టి సగం పొడవు చాలు. చెల్లి బయటికొచ్చేసరికి జుట్టంతా బూజు. ఆ రోజు నుంచి పేజీలు తిప్పడం, స్టాప్‌లు లాగడం దాని పనైంది. జీతం వారానికి ఒక ఇరానీ సమోసా ప్లేటు.

సాధనకు చర్చి అనుమతి కావాలి. అయ్యగారు వెంటనే సరేనన్నారు కానీ పాస్టరేట్ కమిటీలో ఒక పెద్దాయన, గాలి మోటారుకు గంటకు ఎంత కరెంటు కాలుతుందని అడిగారు. నిజానికి న్యాయమైన ప్రశ్నే. వారానికి రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు ఇచ్చారు. మిగతా రోజులు ఇంట్లో టేబుల్ మీద కీబోర్డు, కింద ప్లైవుడ్ చెక్క. పెడల్స్ మధ్య దూరం దాదాపు రెండున్నర అంగుళాలు. మార్కర్‌తో గీతలు గీసి, నల్ల మెట్ల చోట చెక్క ముక్కలు మేకులతో కొట్టాను. చప్పుడు రాని పెడల్స్ మీద రాత్రిళ్ళు తొక్కేవాడిని. రాదనుకున్నది నేనే. మూడో రోజు కింది వాటా ఆంటీ పైకొచ్చి, "రాత్రి పదకొండింటికి రోలు రుబ్బుతున్నారా వదినా?" అని మమ్మీని అడిగింది. ప్లైవుడ్ కింద పాత దుప్పటి పరిచాం.

మేలో కొత్త చిక్కు. బాఖ్ పాటను పై వరసలో ఓబో అనే స్టాప్ మీద, తోడును కింది వరసలో మెత్తటి గొట్టాల మీద వాయించాలని మిస్ ప్లాన్. మార్చిలో చక్కగా కలిసిన ఈ రెండూ మేలో ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. నా చెవే పాడైందనుకున్నా. మిస్ నవ్వి గోడ మీద థర్మామీటర్ చూపించింది, సాయంత్రం ఆరింటికి లోపల 36. వేణువు లాంటి గొట్టాల్లో శృతి లోపలి గాలిని బట్టి ఉంటుంది, గాలి వేడెక్కితే శృతి పైకి పోతుంది. పది డిగ్రీలకు దాదాపు సెమీటోన్‌లో, అంటే పక్కపక్క మెట్ల మధ్య తేడాలో, మూడో వంతు. ఓబో గొట్టంలో మాత్రం ఇత్తడి రేకు అదురుతుంది, అది వేడికి అంతగా కదలదు. మిగతా ఆర్గన్ అంతా పైకి పోతే ఓబో ఒక్కటీ కిందే ఉండిపోతుంది, అంతే. దాన్ని సరిచేయడానికి చెన్నై నుంచి మనిషి రావాలి, అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు. "వానలు పడనీ," అంది మిస్. గడువు జూన్ నెలాఖరు.

ఇక్కడ నా సణుగుడు ఒకటి. ఈ నియమాలు రాసినవాళ్ళు ప్రతి వీధి చివరా ఒక మంచి ఆర్గన్ ఉండే ఊళ్ళో ఉండి రాశారు. వీడియో రౌండ్ అంటే అందరికీ సమానం అంటారు. వాళ్ళ పిల్లాడు నలభై స్టాప్‌ల కెథెడ్రల్ ఆర్గన్ మీద వాయిస్తాడు, నేను తొమ్మిదింటి మీద. అయితే వీడియో లేకపోతే విమానం టికెట్ కొని వెళ్ళి మొదటి రౌండ్‌లోనే తిరిగొచ్చేవాడిని, అదీ నిజమే.

జూన్ రెండో వారంలో వాన పడింది. ఆ వారంలోనే ఒక రాత్రికి కమిటీ అనుమతి ఇచ్చింది, ఒక్క రాత్రికే. పగలు రికార్డింగ్ అయ్యే పని కాదు, బయట ఆటోలు, బస్సులు, పెళ్ళి బరాత్‌లు. రాత్రి పదిన్నరకు నేను, చెల్లి, ఫ్లాస్కుతో మమ్మీ చేరాం. మిస్ ఇంటి దగ్గర ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంది. లోపల 27 డిగ్రీలు. ఓబో, మిగతా గొట్టాలు దాదాపు రాజీపడ్డాయి.

మొదటి ట్రయల్ వీడియో చూస్తే నాకు కాళ్ళు లేవు. నల్ల ప్యాంటు, నల్ల బూట్లు, ముదురు రంగు పెడల్స్, పైగా బెంచీ నీడ. మమ్మీ ఇంటికి ఫోన్ చేసి డాడీ చేత ఛార్జింగ్ టేబుల్ ల్యాంపు, నా స్కూలు నాటి తెల్ల సాక్సులు తెప్పించింది. ప్యాంటు రెండంగుళాలు పైకి మడిచాక చీలమండలైనా కనిపించాయి. ఇంకో సంగతి, ఇలాంటి వీడియో తీసేవాళ్ళకు పనికొస్తుంది. ఫోన్ మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తానే తగ్గించేస్తుంది, చిన్న శబ్దాన్ని పెంచేస్తుంది. మెండెల్‌సన్ ఆరంభం, ఆ తర్వాతి మెత్తటి భాగం రెండూ ఒకేలా వినిపించాయి. క్లాస్‌మేట్ దగ్గర కెమెరా, మైకు అరువు తెచ్చుకున్నది అందుకే. లెవల్ చేత్తో పెట్టుకుని ఇక ముట్టుకోలేదు.

మెండెల్‌సన్‌కు నాలుగు టేకులు. రెండోదానిలో ఒక గొట్టం ఎవరూ నొక్కకుండానే కూత పెట్టి ఆగనంది. వాన తేమకు లోపలి చెక్క ఉబ్బితే ఇలా అవుతుంది, సైఫర్ అంటారు. చెల్లి ఆ స్టాప్ మూసి, మెట్టును పదిసార్లు టకటకా కొడితే లొంగింది. నాలుగోది పరవాలేదు. ఒకేసారి చాలా స్వరాలు పట్టినచోట గాలి చాలక స్వరం కాస్త వణికింది, మోటారు పాతది. ఇక బాఖ్.

పన్నెండూ నలభైకి, ఆరో బార్‌లో ఉండగా, కరెంటు పోయింది.

కరెంటు పోతే ఆర్గన్ టీవీలా టక్కున ఆగదు. తిత్తిలో మిగిలిన గాలి ఉంటుంది. తిత్తి కుంగేకొద్దీ స్వరం మెల్లగా కిందికి జారుతూ, వంకర పోతూ, ఉసూరుమని ఆగింది. చీకట్లో చెల్లి పడీపడీ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అరగంట చూశాం. లైన్ మీద చెట్టు పడిందట, తెల్లారాకే అన్నారు. చర్చి జనరేటర్ వేస్తే ఆ మోతలో బాఖ్ వినబడడు.

మిస్‌కు ఫోన్ చేశాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "బాబూ, కాయిర్ వాళ్ళు గొడుగులు తగిలిస్తరు చూడు, ఆ కట్టె ఏంది అనుకున్నవ్?" అంది.

ఆర్గన్ పక్కన గోడలోంచి చెయ్యంత పొడుగు చెక్క బయటికి ఉంటుంది. రెండేళ్ళుగా నేనూ నా గొడుగు దానికే తగిలించాను. అది గాలి పంపు. కరెంటు మోటార్లు రాకముందు ప్రతి ఆర్గన్ వెనకా గాలి కొట్టే మనిషి ఉండేవాడు. బాఖ్ కాలంలో తిత్తులు కాళ్ళతో తొక్కేవాళ్ళు. మేం వాచ్‌మన్ అన్నను లేపాం. ఆయనది సిద్దిపేట వైపు. చెక్క పట్టుకుని చూసి, "మా ఊర్ల బోరింగు లెక్కనే ఉన్నది గద," అన్నాడు. బోరింగులాగే దబదబా కొట్టాడు కూడా. ప్రతి దెబ్బకూ నా స్వరం ఎక్కిళ్ళు పెట్టింది.

పంపు పైన ఒక దారం, దాని చివర సీసపు గుండు వేలాడుతోంది. పక్కన చెక్క మీద రెండు గీతలు. తిత్తి నిండితే గుండు కిందికి దిగుతుంది, ఖాళీ అయితే పైకి పోతుంది, ఆ రెండు గీతల మధ్య ఉంచితే చాలు. బాఖ్‌లో స్టాప్‌లు మార్చే పని లేదు కాబట్టి చెల్లి ఫోన్ టార్చి ఆ గుండు మీద వేసి నిలబడింది. అన్న పది నిమిషాల్లో ఒడుపు పట్టాడు. పైకి నిదానం, కిందికి ఇంకా నిదానం. కిర్రుమంటుంటే తన గదిలోంచి కొబ్బరినూనె తెచ్చి కీలులో పోశాడు. కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

అప్పుడు వాయించడం మొదలుపెట్టి, నాలుగు స్వరాలకే ఆపేశాను. తప్పు పోయిందేమోనని చెల్లి కంగారు పడింది. తప్పు కాదు. మోటారు రొద లేకుండా ఆ ఆర్గన్‌ను నేనెప్పుడూ వినలేదు. రెండేళ్ళుగా దాని వెనక ఒక గుయ్యిమనే మోత ఉంటూనే ఉందని అది లేనప్పుడే తెలిసింది. ప్రతి స్వరం మొదట్లో గొట్టం పెదవి దగ్గర "ఫ్" మని ఒక చిన్న ఊపిరి వినిపిస్తోంది. ఎడమచేతి స్వరాలు ఇన్నాళ్ళూ గబగబా దొర్లించేవాడిని. ఆ ఊపిరి వినబడేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదించింది.

రెండో టేకు చివరి బార్‌లో రైలు కూసింది, అదీ పక్కా అపశృతిలో. మూడోది పంపాను. అందులో ఎడమచేతిలో ఒక స్వరం పలకలేదు, కిర్రు వినబడుతుంది. నాలుగోది తీద్దామంటే అన్న చేతులు చూపించాడు, వణుకుతున్నాయి. మమ్మీ ఫ్లాస్కులో చాయ్ అంతా ఆయనకే పోసింది.

ఐదు వారాలకు ఫలితం వచ్చింది. ఫైనల్ జాబితాలో నా పేరు లేదు. ముగ్గురు జడ్జిల పేపర్లు పంపారు, దీనికి మాత్రం వాళ్ళను మెచ్చుకోవాలి. మన దగ్గర ఏ పోటీలోనూ ఎందుకు ఓడామో నాకెవరూ రాసివ్వలేదు. మెండెల్‌సన్‌లో ఫ్యూగ్ పరుగెత్తిందని ముగ్గురూ రాశారు. ఒకేసారి చాలా స్వరాలు పట్టిన దగ్గర గాలి నిలకడగా లేదని ఇద్దరు. బాఖ్‌లో కుడిచేతి అలంకారాలు తొందరపడ్డాయని ఒకరు, పెడల్ నడక బాగుందని ఒకరు. మూడో ఆయన, వెనక లయగా వినిపించే ఆ చప్పుడు ఏమిటని అడిగాడు.

మిస్ పేపర్లు రెండుసార్లు చదివి, పెడల్ నడక అన్న లైను కింద పెన్సిల్‌తో గీత పెట్టి నాకిచ్చింది. ఇంకేం అనలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక వాచ్‌మన్ అన్న గేటు దగ్గర ఆపాడు.

"ఏమైంది తమ్మీ, మన పోటీ?"

"పోయిందన్నా."

"అట్లనా. నా గాలి గురించి ఏమన్న రాసిన్రా?"

"మోటారు గాలి బాలేదని రాశారు. నీ గాలి గురించి ఒక్క మాట కూడా రాయలేదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "రాయలేదంటే మంచిగున్నట్టేనా?"

"మంచిగున్నట్టే."

"మల్ల ఆ కట్టెకు గొడుగులు తగిలియ్యొద్దని చెప్పు మీ కాయిరోళ్ళకు," అని గేటు వెయ్యడానికి వెళ్ళిపోయాడు.